గోటికంటిన ఉప్పు

అప్పట్లో మాకో చిన్న డీజిల్ కారుండేది. దాని ఇంజన్లో టర్బోని చల్లబరిచే కూలెంట్ నీళ్ళు వెళ్ళే పైపు కారిపోతోంటే, కొత్తది కొందామని పాతది విప్పించి, సంచిలో వేసుకుని అల్లవరంలో అమలాపురం బస్సెక్కేను. పక్క సీట్లో ఆయన మెకానిక్కట. పైపు అడిగి తీసుకుని, చిల్లు దగ్గర కట్టిన తెల్లటి పొరని గోటితో గీకి నాలిక్కి రాసుకున్నారు.

"ఉప్పండీ. ఇంజను వేడెక్కితే రొయ్యల చెరువు నీళ్ళు పోసేరా?"

"మా డ్రైవరు పోసేడండి," అన్నాను.

"తెలీక పోసుంటాడు. తిట్టకండి పాపం."

"ఆయ్," అన్నాను.

ఆ నీళ్ళు పోసింది నేనే. కారు పాడుచేశావని డ్రైవర్ని నలుగురిలో తిట్టి, పనిలోంచి తీసేసి అప్పటికి వారమైంది. ఆ సాయంత్రమే కొత్త పైపు వేయించేను. అతన్ని మాత్రం మళ్ళీ పిలవలేదు.