ఎలీషబా పత్తి పాట

పెద్దారవీడు దగ్గర మా పల్లెలో ఎలీషబా పాట కట్టిందంటే దేవుడు మా పొలం గట్ల మీదే నడుస్తాడు. బైబిల్లోని లెబానోను దేవదారులు, షారోను పూలు ఆమెకు పట్టవు. కంది పూత, వేప నీడ, వాన కోసం చూసే మిరప చేను, ఇవే ఆమె సరుకు. పత్తి తీతకు పోయి ఒడి నింపుకుంటూనే పాట కడుతుంది. చదువు ఐదో తరగతి, ధైర్యం మాత్రం డిగ్రీ దాటింది.

ఆమె భర్త గిద్యోను తాగుడుకు మరిగి చర్చికి రావడం మానేశాడు. సంఘం వాళ్లం మేమూ పిలవడం మానేశాం. ఈ క్రిస్మస్‌కు ఆమె కట్టిన పాట అతని కోసమే. అది విని అతను లోపలికి రావాలి, అంతే ఆమె ఆశ. "విచ్చిన పత్తి కన్నా తెల్లగా నన్ను కడిగితివి" అని పల్లవి.

కీబోర్డు వాయించే విక్టర్‌కు అది నచ్చలేదు. "హిమము అని పెట్టక్కా. బైబిలు వాక్యంలో అట్లనే ఉంది."

"మంచు ఎప్పుడన్నా చూసినావా తమ్ముడూ? ఎండ తగిల్తే కరిగిపోతాది, కింద బురద మళ్లీ బయటపడతాది. పత్తయితే గుడ్డయి ఒంటిని కప్పుతాది."

విక్టర్ తక్కువ తిన్నాడా? "మరి పత్తికి పురుగు పడతాది గదక్కా!"

ఎలీషబా గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. నాకు జాలేసింది, లోపల కొంచెం సంతోషం కూడా వేసింది. ఆమె పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు మరి.

మర్నాడు చేలో పురుగు పట్టిన కాయల్ని ఎప్పటిలాగే చెట్టుకే వదిలేసి ముందుకు పోతున్నాం. ఎలీషబా ఒక కాయ దగ్గర ఆగి "దొరికింది!" అని అరిచింది. పామేమో అనుకొని మేమంతా గట్టెక్కాం.

సాయంత్రం విక్టర్‌కు కొత్త చరణం వినిపించింది:

"పురుగు తిన్న కాయనని పదిమందీ విడిచిపోతే
వెనక్కి వచ్చి ఏరినావు, ఒడిలోన దాచినావు."

విక్టర్ వెంటనే కీబోర్డు మీద శ్రుతి వెతుక్కున్నాడు. వారమంతా ఆమె ఇంట్లో మేమంతా కూడి అదే పాట నేర్చుకున్నాం. గిద్యోను అటు తిరిగి పడుకున్నాడే కానీ ఆపమనలేదు.

క్రిస్మస్ పొద్దున అతను చర్చి గోడ బయట బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. లోపల పాట మొదలైంది. "పదిమందీ విడిచిపోతే" దగ్గరికి వచ్చేసరికి మా గొంతులు సన్నబడ్డాయి. ఆ పదిమందిమీ మేమే. సిగ్గుతో తరువాతి ముక్క ఎవరమూ ఎత్తుకోలేకపోయాం.

బయటి నుంచి గిద్యోను గొంతు అందుకుంది. "వెనక్కి వచ్చి ఏరినావు..."

విక్టర్ చేతులు ఆగిపోయాయి. ఎలీషబా వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"వాయించు తమ్ముడూ, ఆపొద్దు. వస్తన్నాడు" అంది.