రామగుండంలో ఆగిన విమానం, గోదావరిఖనిలో దొరికిన పానా

నిరుడు డిసెంబరులో ఒక సాయంత్రం మా ఫ్లయింగ్ క్లబ్బు ఇన్‌స్ట్రక్టర్ ప్రసాద్ గారు రామగుండం నుంచి ఫోన్ చేశారు. ఒక విద్యార్థితో కలిసి హైదరాబాదు నుంచి ఎగిరిన ఆయనకు దారిలో పెట్రోలు వాసన వచ్చిందట. రామగుండం దగ్గరి పాత ఎయిర్‌స్ట్రిప్‌లో దిగి చూస్తే విమానం పొట్ట కింద నీలి మరక. మా చిన్న విమానాల పెట్రోలు నీలంగా ఉంటుంది. ఎక్కడ కారినా ఆనవాలు వదులుతుంది. ఆ నాలుగు సీట్ల విమానం నాకంటే వయసులో పెద్దది, దాని మరమ్మతులు చూసే ఇంజినీరును నేను. రెక్కల్లోని ట్యాంకుల నుంచి ఇంజనుకు పెట్రోలు మళ్ళించే వాల్వు ఒకటి పైలట్ కాళ్ళ కింద, నేలలో ఉంటుంది. రెండు నెలల కిందట ఆ వాల్వు విప్పి, రబ్బరు రింగులు మార్చి, మరమ్మతుల పుస్తకంలో సంతకం పెట్టింది కూడా నేనే. అందుకే ఫోన్ పెట్టేశాక అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కాను. సీటు టికెట్ డెబ్బై రూపాయల లోపే. కాజీపేట దాటాక కిటికీ పక్కన పత్తి చేలు, తర్వాత బొగ్గు వ్యాగన్ల బారులు. పదింటికి రామగుండంలో దిగాను. తరచూ బంద్‌లు జరుగుతున్న రోజులవి, ఆ వారం పిలుపేదీ లేకపోవడం నా అదృష్టం. స్టేషన్ బయట ఓదెలు అనే ఆటో డ్రైవరు రోజంతా తిప్పడానికి నాలుగు వందలు అడిగాడు, ఒప్పుకున్నాను. నా పనిముట్ల పెట్టె ఎత్తి చూసి, "గింత బరువున్నది, ఏం మిషినక్కా?" అన్నాడు. విమానం బాగుచేయడానికి వచ్చానంటే కాసేపు నమ్మలేదు.

ఎయిర్‌స్ట్రిప్‌లో విమానం ఎండలో నిలబడి ఉంది. ముందు ప్రసాద్ గారూ, ఆయన విద్యార్థీ, నేనూ కలిసి ట్యాంకుల్లోని పెట్రోలంతా శుభ్రమైన డబ్బాల్లోకి దించాం. అప్పటిదాకా ఓదెలును బీడీ వెలిగించకుండా దూరంగా కూర్చోమన్నాను. నేల పలక విప్పితే కారుతున్నది ఆ వాల్వు దగ్గరే అని తేలింది. కొత్త రింగులు కాగితాలతో సహా నా సంచిలో ఉన్నాయి. కానీ వాల్వుకు బిగించిన గొట్టం నట్టుకూ పక్కనున్న రేకుకూ మధ్య సందు చాలా సన్నం, నా స్పానర్ దూరలేదు. దానికోసం మా హ్యాంగర్‌లో వాడే పలచటి స్పానర్ అక్కడే ఉండిపోయింది. అది తెప్పించాలంటే ఇంకో రోజు పడుతుంది.

ఓదెలు నా మొహం చూసి అడిగాడు. "ఏం కావాలె అక్కా?"

చెప్పాను.

"పానా గదా. ఖనిల మా మామ ఉన్నడు, రాజలింగు. బొగ్గు బాయిల ముప్పై ఏండ్లు ఫిట్టరు. నడువుండ్రి."

గోదావరిఖని అరగంట పైనే పట్టింది. రోడ్డు మీద బొగ్గు లారీలు, వాటి వెనక నల్లని దుమ్ము. చౌరస్తా దగ్గర రెండు హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగాం. ఉన్నవన్నీ దళసరివి, పైగా మిల్లీమీటర్ల కొలతవి. మాకు కావలసింది ఇంచుల కొలత. అక్కడి నుంచి ఒక కాలనీ చివర రేకుల షెడ్డుకు తీసుకెళ్ళాడు ఓదెలు. అరవై దాటిన రాజలింగు కాక కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని నేను గీసిన బొమ్మ చూశాడు. "పాత మిషిన్లన్ని ఇంచులే బిడ్డా. గా పానాలు నేను పారెయ్యలే" అంటూ ఒక గోనెసంచి కుమ్మరించాడు. మూడోది మా సైజే. దాన్ని గ్రైండరు మీద అరగదీయడం మొదలుపెట్టాడు. వేడెక్కితే ఉక్కు మెత్తబడుతుందని నిమిషానికోసారి నీళ్ళలో ముంచుతూ, దాదాపు గంటసేపు. ఈలోగా ఆయన భార్య లచ్చవ్వ మాకు బియ్యప్పిండితో కాల్చిన వేడి సర్వపిండి పెట్టింది. నువ్వులు, పల్లీలు పంటికింద తగులుతుంటే ముందురోజు నుంచి తినని ఆకలంతా అప్పుడు తెలిసింది.

పని చేస్తూనే అడిగాడాయన. "రింగులు గూడ కావాల్నా? నా తాన డబ్బెడున్నయి."

"వద్దు కాకా. కాగితం లేని రింగు విమానంలో వేయకూడదు. అది ఎక్కడ తయారైందో, ఏ పరీక్షకు నిలిచిందో రాసి ఉండాలి."

నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. ఆయన తలూపాడు. "మా బాయిల గూడ గంతే. గ్యాసు అంటుకోకుండ కరెంటు డబ్బలకు కంపెనీ బోల్టులే వెయ్యాలె. బయటి బోల్టు పెడ్తే ఎవ్వలూ ఊకోరు. మరి పానాకు కాగితం అక్కర లేదు గదా?"

అక్కర్లేదని నవ్వాను. మూడొందలు ఇచ్చాను. పానా ఎట్లా పడుతుందో చూడాలంటూ ఆయన కూడా ఆటో ఎక్కాడు.

పానా సందులోకి సరిగ్గా దూరింది. రెండు నిమిషాల్లో నట్టు వదిలింది. వాల్వు బయటికి తీసి, ఎండకు పట్టి రింగు చూశాను. దాని అంచున కత్తితో గీసినట్టు చిన్న కోత. బిగించేటప్పుడు వాల్వు అంచుకు రాసుకుంటే అలా తెగుతుంది. పాతబడి పాడైంది కాదు. నేను వేసిందే, నా చేతిలోనే తెగింది.

ప్రసాద్ గారు అవతల ఫోన్‌లో ఉన్నారు. రింగు పారేసి కొత్తది వేస్తే ఎవరికీ తెలియదు. రింగు అరచేతిలో పెట్టుకుని ఆ కోతనే చూస్తున్నాను.

"ఎవలు ఏసిండ్రు?" రాజలింగు కాక మెల్లగా అడిగాడు.

"నేనే."

ఆయన విమానం నీడలో కూర్చున్నాడు. "కొత్తల నేనొకసారి బొగ్గు టబ్బులు గుంజే హాలేజీ తాడుకు క్లాంపు సరిగ్గ బిగియ్యలే. టబ్బులు జారి కిందికి పోయినయి. ఎవ్వలికి ఏం గాలే. అయినా నేనే పోయి సారుకు చెప్పిన. మూడు దినాలు డ్యూటీ ఆపిండ్రు. నాలుగో దినం మల్ల గదే పని నాకే ఇచ్చిండ్రు."

ప్రసాద్ గారికి రింగు చూపించి జరిగింది చెప్పాను. తర్వాత హైదరాబాదులో మా చీఫ్ ఇంజినీరుకు ఫోన్ చేశాను. "పుస్తకంలో ఉన్నదున్నట్టు రాయి. ఆ నెలలో నువ్వు బిగించిన వాల్వులు వేరే విమానాల్లో ఇంకో రెండున్నాయి. వచ్చాక విప్పి చూద్దాం. అప్పటిదాకా ఆ విమానాలు ఎగరవు" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది, కానీ గుండె మీది బరువు మాత్రం దిగింది.

కొత్త రింగుకు నూనె రాసి, ఈసారి వేలితో తడుముతూ కూర్చోబెట్టాను. పెట్రోలును మెత్తని తోలుగుడ్డ గుండా వడగట్టి ట్యాంకుల్లో పోశాం. చీకటి పడేలోగా వెళ్ళిపోవచ్చు, కానీ నేను ఒప్పుకోలేదు. వాల్వు కింద తెల్లకాగితం పరిచి, కాపలా మనిషికి అప్పజెప్పి ఖనిలో రెండు వందల యాభై రూపాయల లాడ్జిలో దిగాం.

మర్నాడు ఏడింటికి కాగితం తీసి చూశాను. పొడిగా ఉంది. ఇంజను నడిపించి మళ్ళీ చూశాను. చుక్క లేదు. ప్రసాద్ గారు వెనక సీటు చూపించారు. "మీరు బిగించిందే కదా, ఎక్కండి." ఎక్కాను. పైనుంచి ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల గుంతలు మెట్లు మెట్లుగా దిగుతూ కనిపించాయి, వాటి పక్కన సన్నబడ్డ గోదావరి. గంటకు పైగా ఎగిరాం. నా ముక్కు పెట్రోలు వాసన కోసం వెతుకుతూనే ఉంది, ఎక్కడా తగల్లేదు.

మిగతా రెండు వాల్వులూ విప్పి చూసే పని చీఫ్ నాకే ఇచ్చారు, రెండూ బాగానే ఉన్నాయి. రెండూ విప్పి చూసేదాకా నాకు సంతకం పెట్టే ధైర్యం రాలేదు. పొరపాటు చేసిన మనిషికే మళ్ళీ ఆ పని అప్పజెప్పడం ఎంత పెద్ద మాటో ఇప్పుడు తెలుస్తోంది. ఈ ఏడాది మరింత నెమ్మదిగా, మరింత సంతోషంగా పని చేస్తున్నాను.

అటు వెళ్ళేవాళ్ళకు ఒక మాట, ఓదెలు చెప్పిందే. ఖనిలో పని పెట్టుకుంటే పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు ప్రాంతాల్లో రోడ్డెక్కకండి. గనుల్లో షిఫ్టు మారే ఆ వేళల్లో షేర్ ఆటోలన్నీ కార్మికులతో నిండిపోతాయి, కాలు పెట్టే చోటు దొరకదు.