క్రీస్తుదాసు గుట్ట మీద చేసిన ప్రార్థన

మణుగూరు గనుల కాలనీలో ఎవరు కొత్త స్కూటర్ కొన్నా, కొత్త క్వార్టర్‌లోకి మారినా ముందు క్రీస్తుదాసును పిలిచేవారు. ఆయన ఉద్యోగం గని స్టోర్స్‌లో. లోపలికి దిగేవాళ్లకు బూట్లు, హెల్మెట్లు అందించి, తాను మాత్రం నేల మీదే ఉండిపోయేవాడు. కానీ ఆయన ప్రార్థన మొదలుపెడితే స్కూటర్‌కి కూడా ఒళ్లు పులకరిస్తుందని పేరు. చర్చిలోనూ వాడలోనూ ఆయనకున్న గౌరవమంతా ఆ గొంతుదే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

భార్య విశ్రాంతమ్మకు తప్ప ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటుంది. ఆయనకు ఎత్తంటే చచ్చేంత భయం. ఇంట్లో బల్బు పోతే స్టూలెక్కేది ఆమె. ఆయన కింద నిలబడి స్టూలు పట్టుకునేవాడు, అదీ కళ్లు మూసుకుని.

షుగర్ వచ్చినవాళ్లమంతా కలిసి పెట్టుకున్న వాకింగ్ క్లబ్బుకు ఆయనే అధ్యక్షుడు. 2006 డిసెంబరులో క్లబ్బంతా ఒక రోజు గోదావరి ఒడ్డున ఉన్న గుట్ట ఎక్కి, పైన భోంచేసి రావాలనుకున్నాం.

"కాలు నొస్తుందని చెప్పి ఇంట్ల ఉండరాదా?" అందట విశ్రాంతమ్మ.

"అధ్యక్షుడు ఇంట్ల పంటడా?" అని ఆయన కొత్త క్యాన్వాస్ బూట్లు బిగించాడు. ఆమె కూడా వెంట బయల్దేరింది.

కిరాయి జీపు నడిపింది కారేపల్లి దగ్గర తండాకు చెందిన మంగీలాల్. తొలికాన్పుకని అతని భార్యను ఆ ఉదయమే ఖమ్మంలో దవాఖానాలో చేర్చారు. ముందే మాటిచ్చిన బేరమని వచ్చాడు గానీ, ప్రాణమంతా చేతిలోని ఫోన్‌లోనే ఉంది. గుట్ట కింద సిగ్నల్ లేదు. పైన దొరుకుతుందేమోనని ఫోన్ పైకెత్తి పట్టుకుని మాతోపాటే ఎక్కాడు.

చెట్లు ఉన్నంతవరకు క్రీస్తుదాసు బాగానే ఎక్కాడు. ముందు నడిచే మా క్లబ్బు జయరాజ్ మడమల మీదే చూపు నిలిపి పాటలు కూడా అందుకున్నాడు. పైకి చేరాక చెట్లు అయిపోయాయి. బోడి బండ. దాని అంచు కింద గోదావరి, అందులో గింజంత పడవ.

జయరాజ్ కోడికూర గిన్నె దింపాడు. "అన్నా, జల్దీ ప్రార్థన చెయ్యి. ఆకలయితుంది."

క్రీస్తుదాసు వెంటనే జయరాజ్ చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆహారానికి స్తోత్రం చెప్పాడు. ముగిద్దామని ఒక కన్ను కొద్దిగా తెరిచాడు. మళ్లీ గోదావరి, మళ్లీ పడవ. టక్కున మూసేసి, కాలనీలోని రోగుల కోసం ప్రార్థించాడు. తర్వాత గని కోసం, భారజల కర్మాగారం కోసం, పార్లమెంటు కోసం. నోవహు ఓడ దగ్గరికి వచ్చేసరికి జయరాజ్ గట్టిగా "ఆమేన్" అన్నాడు. ఆ ఆమేన్ వినిపించనట్టే ఆయన ఓడలోని జంతువుల దగ్గరికి వెళ్లాడు. కూరకు చీమలు పట్టాయి. ప్రార్థన మధ్యలో చీమల్ని దులిపే ధైర్యం మాలో ఎవరికీ లేదు. అందరూ తలలు వంచుకుని ఉంటే విశ్రాంతమ్మ ఒక్కతే కళ్లు తెరిచి, ఆయన వణికే మోకాళ్ల వంక చూస్తోంది.

గొంతు ఎండిపోయాక గానీ ఆయన ఆగలేదు. మాలో సగంమంది కళ్లల్లో నీళ్లు.

"అన్నా, ఇయ్యాల నీ మీదికి ఆత్మ దిగొచ్చింది," అన్నాడు జయరాజ్. "నా చెయ్యి చూడు, ఎట్ల పిసికినవో!"

"అవ్," అన్నాడు క్రీస్తుదాసు, కళ్లు తెరవకుండానే. "కొద్దిగ."

ఆ "కొద్దిగ" దగ్గర ఆగినా బాగుండేది. ఇంతలో మంగీలాల్ వచ్చి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, గంతసేపు మాట్లాడిండ్రు. ఆ దేవుడు మీకు బాగ దగ్గరోడున్నట్టుంది. నా పెండ్లాం దవాఖానాల ఉంది, ఈడ గూడ ఫోన్ కలుస్తలేదు. జర నా మాట గూడ చెప్పుండ్రి."

క్రీస్తుదాసు నోరు తెరిచాడు. స్కూటర్లకు ధారగా వచ్చే మాటలు ఒక్కటీ రాలేదు. చెవులు ఎర్రబడ్డాయి. ఉన్నచోటే బండ మీద కూలబడ్డాడు.

"నేను దేవునితోని మాట్లాడలే తమ్మీ. కండ్లు తెరిస్తే పడిపోతనని ఊకె చెప్పుకుంట పోయిన. నాకు ఎత్తంటే భయం."

జయరాజ్ అడిగాడు, "మరి ఆత్మ అంటే అవ్ అంటివి?"

"అంటిని. సచ్చిపోవాలనిపిస్తుంది అందుకే."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మంగీలాల్ మాత్రం నవ్వలేదు. "భయమైతే అయింది సార్. కిందికి దిగినంక చెప్తరా?" అన్నాడు.

దిగడమంటే అది దిగడం కాదు, జారడం. ఆయన బండ మీద కూర్చునే జరుగుతుంటే, విశ్రాంతమ్మ కింద అడ్డంగా నిలబడి ఒక్కొక్క బూటూ పట్టుకుని అడుగు పెట్టించింది. "నన్ను చూడు, గోదారిని కాదు," అని కసిరింది. సగం దారిలో ఆయన ప్యాంటు వెనకవైపు పర్రుమంది. పొద్దున ఆయన పాట వెంట నడిచిన మేమంతా సాయంత్రం ఆయన చారల డ్రాయరు వెంట నడిచాం.

కిందికి వచ్చాక ఆయన ఒక మద్దిచెట్టుకు వీపు ఆనించి నిలబడ్డాడు. మంగీలాల్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆమె పేరేంది?"

"చాంది, సార్."

"ప్రభువా, చాంది భయపడుతున్నది. ఆ భయం ఎట్లుంటదో నాకు ఇయ్యాల తెలిసింది. పక్కన ఉండు."

అంతే. మిగతాది వస్తుందేమోనని మేం తలలు ఎత్తలేదు. "అయిపోయింది," అని ఆయనే మెల్లగా చెప్పాల్సి వచ్చింది.

ఊరి పొలిమేరలోకి రాగానే మంగీలాల్ ఫోన్ మోగింది. జీపు ఆపి దిగి, దూరంగా వెళ్లి మాట్లాడి, పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఆడపిల్ల! ఇద్దరు మంచిగున్నరు!"

అందరం దిగి అతన్ని చుట్టుముట్టాం. క్రీస్తుదాసు ఒక్కడే సీటులో ముడుచుకుని కూర్చున్నాడు.

"గుట్ట మీది ప్రార్థనకే ఇచ్చిండేమో అన్నా, పెద్దది గద అది," అన్నాడు జయరాజ్.

"నోర్మూస్కోరా," అన్నాడాయన తల వంచుకుని.

మంగీలాల్ జీపు పక్కకు వచ్చి చెయ్యి చాపాడు. "దిగుండ్రి సార్, చాయ్ తాగుదం."

"దిగలేను తమ్మీ."

"ఇదేం ఎత్తు సార్? నేను పట్టుకుంట గద!"

"ఎత్తు కాదయ్యా," అన్నాడు క్రీస్తుదాసు, గొంతు పూర్తిగా తగ్గించి. "ప్యాంటు."