అక్క బుగ్గ మీద అంచు

భోగాపురంలో పొలం అమ్మి కారు కొన్న మా బావ, విజయనగరం కొట్టులో ప్రతి మైక్రోఫైబర్ తువ్వాలు అంచునూ మా అక్క బుగ్గకు రాసి చూసేవాడు.

"గీసుకుంటన్నాదేటే? సరిగ్గా సెప్పు, కారుకి గీతలడిపోతాయి."

ఆయన అక్క ముఖాన్ని తాకగా నేను చూసింది ఆ కొట్టులోనే.

ఓ సాయంత్రం అక్క వానలో తడిసొచ్చి, కారు తుడుస్తున్న బావను ఆ తువ్వాలు అడిగింది.

"నీ తలనూనె అంటితే ఇంకేటున్నాది? కొంగుతో తుడుసుకో" అన్నాడు.

మళ్లీ కొట్టుకెళ్లినప్పుడు ఎప్పటిలాగే ఓ కొత్త తువ్వాలు అంచును బుగ్గకేసి రాశాడు.

"పువ్వునాగున్నాది" అంది అక్క.

మురిసిపోయి కొన్నాడు. ఆమె బుగ్గ మీద ఎర్రటి గీత ఇంటికొచ్చేదాకా ఉంది. పక్క సీట్లోనే ఉన్న బావ చూడలేదు.