చాదర్ పోగుల్లో గాజు

సోలాపూర్ దగ్గర కుంభారి కాలనీలో కొత్త ఇంట్లోకి మారాక అదే మా మొదటి వేసవి. బాబుకు అప్పుడు ఆరో నెల. కిటికీ పక్కనే చీరతో ఊయల కట్టాం. ఒక మధ్యాహ్నం వాడి ముఖం మీద ఎండ పడుతోందని, మామయ్య నేసిన మందపాటి చాదర్‌ను మా అత్తమ్మ నాలుగు మూలలా మేకులకు లాగి కిటికీకి కట్టింది.

"కొత్త కిటికీకి ఈ చాదరేంది అత్తమ్మా, మంచిగ కనిపిస్తలేదు" అన్నాను.

"కిటికీ సోకు తర్వాత చూస్కో, పోరన్ని పండుకోనియ్యి."

కాసేపటికే గాలిదుమారం లేచింది. ఎక్కడిదో రేకు ఎగిరొచ్చి కిటికీకి కొట్టుకుంది. అద్దం పగిలిన చప్పుడుకు పరుగెత్తాను. గాజు ముక్కల బరువుకు చాదర్ ఊయల మీదికి ఉబ్బి ఉంది. బాబు ఇంకా నిద్రలోనే ఉన్నాడు.

మర్నాడు అశోక్ చౌక్‌లోని అద్దాల దుకాణంలో, పగిలినా ఊడిపడని రెండు పొరల అద్దం అడిగాం.

"తుఫాన్లు సముద్రం కాడ వస్తయ్ అక్కా, సోలాపూర్‌ల ఇదెందుకు?" అని దుకాణదారు నవ్వాడు.

అత్తమ్మ నవ్వలేదు. "అదే ఇయ్యి" అంది.

ఆ అద్దం బిగించి ఏడాదైంది. చాదర్‌ను మాత్రం తీయలేదు. ఎన్నిసార్లు ఉతికినా దాని పోగుల్లో ఎక్కడో ఒక గాజు రవ్వ మెరుస్తుంది. బాబు ఇప్పుడు నా పక్కనే పడుకుంటున్నాడు. అయినా గాలి లేస్తే చాలు, వెళ్లి ఆ ఖాళీ ఊయలను తడిమి చూస్తాను.