లైన్ క్లియర్ ఇచ్చింది నేనే

ఆ సినిమాలో పాటల్లేవు, కొట్లాటల్లేవు. రెండు గంటలసేపు ఒక ఆడమనిషి, ఒక ఇరుకు గది, ఒక గొంతు. అంతే. అంతరిక్షంలో ఒంటరిగా పనిచేస్తున్న ఆమెకు భూమి నుంచి ఆ గొంతు రోజూ కబురు చెబుతుంది: అంతా బాగుంది, నీవాళ్లు క్షేమం, పని కానియ్యి. సగం సినిమా అయ్యాక మనకు తెలుస్తుంది, ఆ గొంతు మనిషిది కాదు, యంత్రానిదని. ఆమె ఊరన్నదే ఇప్పుడు లేదని. ఆమెకు తెలియదు. ఎప్పుడు తెలుస్తుందా అని మనం కుర్చీ అంచున కూర్చుంటాం. నేనూ అలాగే కూర్చున్నాను. మిగతా సినిమాలు తెర ఆరగానే మనల్ని వదిలేస్తాయి. ఇలాంటివి అప్పుడే పట్టుకుంటాయి, పక్కవాళ్లతో తగువు పెట్టిస్తాయి.

తగువుకి నాకు అన్నయ్య ఉండేవాడు. చిన్న చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. వదిన పోయాక, కలకత్తాకి లోకల్ బండి దూరంలో ఉన్న మలంచాలో, మా ఇంట్లోనే ఉండేవాడు. నేను బడిలో సైన్సు చెప్పేదాన్ని. దేవుడున్నాడా లేడా దగ్గర్నుంచి పొటల్ కాయల కూరలో ఆవ పెట్టాలా వద్దా దాకా మేం ఒప్పుకున్న సంగతి ఒక్కటి లేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం సినిమా అవగానే నేనే మొదలుపెట్టాను.

"ఆ యంత్రాన్ని సుత్తెట్టి బద్దలుకొట్టాల. ఆవిడకి నిజం దాసడానికి అదెవత్తి?"

"యంత్రాన్నెందుకు తిడతావే? తప్పంతా ఆవిడదే. ప్రైవేట్ నంబరు అడగలేదు."

"ఏటీ?"

"ఎవులో ఫోన్లో అంతా బాగుందంటే నమ్మేసినాది. మా దగ్గరైతే ఒక్క బండి కదలదు."

అది వాళ్ల పద్ధతి. పక్క స్టేషనుకి బండి పంపాలంటే అక్కడి మాస్టరు లైన్ క్లియర్ అని నోటితో అంటే చాలదు. తన దగ్గర తాళం వేసి ఉంచే కాగితంలోంచి ఒక అంకె చదివి చెప్పాలి, చెప్పిన అంకెను కొట్టేయాలి. అంకె ఇచ్చాడంటే ఆ బండిలోని ప్రాణాలకి తను పూచీ పడ్డట్టు.

"నిన్ను రాకెట్టెక్కించి పంపాలిసింది," అన్నాను.

"పంపితే ఆ పిల్ల బతికీది."

నాలుగు రోజులు సాగింది. కూరలబండి దాదాని కూడా తీర్పు చెప్పమని నిలబెట్టాడు. ఆ బెంగాలీ ముసలాయన ఓపిగ్గా కథంతా విని "దీదీ చెప్పిందే ఠీక్" అన్నాడు. "రోజూ కూరలు కొనేది నువ్వు గదా, నీ పచ్చానే సెప్తాడు," అని అన్నయ్య ఆ తీర్పునీ కొట్టేశాడు.

అప్పటికే అన్నయ్యకి దగ్గు ఉంది. తర్వాత రక్తం పడింది. పరీక్షలయ్యాక రిపోర్టుల కోసం కలకత్తా వెళ్లేటప్పుడు లోకల్ బండిలో నాతో అన్నాడు: "సూదులు పనిసేస్తాయంటేనే ఏయించుకుంటాను. లేదంటే ఇంటికాడే కూకుని నాలుగు సినిమాలు సూసుకుంటాను. డాక్టరు ఏటంటే అదే సెప్పాల నువ్వు."

డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. క్యాన్సరు ముదిరింది, సూదులతో తగ్గదన్నాడు. వేస్తే కొద్దిరోజులు ఎక్కువ బతకొచ్చు, అదీ నమ్మకం లేదు, వేయించాలా వద్దా అన్నది మీ ఇష్టం అన్నాడు. బయట బెంచీ మీద అన్నయ్య టీ తాగుతున్నాడు. నేను ముఖం కడుక్కుని వచ్చాను.

తిరుగుబండిలో అడిగాడు. "ఏటన్నాడు?"

"నయమవుద్దన్నాడు. సూదులు తప్పవట."

"ప్రైవేట్ నంబరు?" అన్నాడు నవ్వుతూ.

"అరవై మూడు," అన్నాను.

నవ్వు ఆగింది. కాసేపు నన్నే చూశాడు. నేను కిటికీలోంచి పొలాలు చూశాను. "ఠీక్ హై," అన్నాడు.

అంకెను ఎవరూ అలా ఠక్కున చెప్పరు. కాగితం తియ్యాలి, వెతకాలి, ఆ కాస్త జాగు వినపడుతుంది. ఉద్యోగమంతా ఆ జాగు విన్న మనిషికి నేను రెప్ప వెయ్యకుండా చెప్పాను. నా అబద్ధం ఆ క్షణానే తెలిసిపోయి ఉంటుంది. తెలిసీ సూదులు వేయించుకున్నాడు. ఎందుకని నాతో నేనే ఎన్ని విధాలుగా వాదించుకున్నా ఒక్కటే మిగులుతుంది. నాకోసం. నేను ఆశపడుతున్నానని. నోరంతా పుళ్లు, తిన్నదల్లా వాంతి, సినిమా పెడితే కళ్లు నిలిచేవి కావు. ఇంట్లో హాయిగా గడపాల్సిన రోజుల్ని నేను ఆసుపత్రి మంచానికి రాసిచ్చాను.

అన్నిటికన్నా నాకు భయమేసింది వేరేదానికి. ఆ బండి దిగినప్పట్నుంచీ అన్నయ్య నాతో వాదించడం మానేశాడు. పేపరు చదివి వినిపిస్తూ కావాలనే తప్పుడు మాటలు అనేదాన్ని. "అంతేలే," అనేవాడు. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. అంత నోరున్నదాన్ని, చెప్పలేదు.

ఆఖరి వారంలో ఒక పొద్దున్న గంజి పట్టిస్తూ అడిగాను. "అన్నయ్యా, ఆ సినిమాలో యంత్రం సేసింది తప్పా, కాదా? నాకైతే తప్పు కాదనిపిస్తోంది ఇప్పుడు."

"నువ్వన్నదే రైటులే."

"ఏటి రైటు! అప్పుడు సుత్తెట్టి కొట్టాలన్నాను. ఇప్పుడు తప్పు లేదంటన్నాను. రెండూ ఎలా రైటవుతాయి? తిట్టు నన్ను!"

కళ్లు మూసుకున్నాడు. "గంజి బాగుందే," అన్నాడు.

రెండు చెంచాలు తాగి, చాలన్నాడు. గిన్నె వంటింట్లోకి తీసుకెళ్లి, మిగిలింది నోట్లో పోసుకున్నాను. నేనందులో ఉప్పే వెయ్యలేదు.