సర్పి, జాజు, మల్లమ్మ అడిగిన ప్రశ్న

మా ముత్తాత దివాన్ దఫ్తరులో కాగితాలు చూసే పేష్కార్; ఆయన తల్వార్ మా ఇంట్లో ఉండేది. తాత ఉర్దూలో వాదించి పేరు తెచ్చుకున్న వకీలు. ఆ ఇంటివాణ్ణయిన నేను మొఘల్‌పురాలో ఒంటిగది క్లినిక్ నడుపుతున్నాను. మాట ఇచ్చాక, మందు రాశాక, కారణాలు విప్పి చెప్పే అలవాటు మా వంశంలో లేదు.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఎండాకాలం. పక్క గల్లీలో బర్రెలు పెట్టుకుని పాలు పోసే యాదగిరిని తల్లి మల్లమ్మ తీసుకొచ్చింది. ఎడమ నుదుటి నుంచి ముక్కు కొస దాకా జాజు, అంటే ఎర్రమట్టి, దట్టంగా పూసి ఉంది. కింద పొక్కులు. సర్పి. చిన్నప్పుడు ఆటలమ్మగా పోసిన వైరస్సే నరంలో దాక్కుని ఏళ్ల తర్వాత ఇలా లేస్తుంది. నుదుటి నరంలో లేస్తే కన్ను పోవచ్చు. ముక్కు కొసన పొక్కులుంటే ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఆ కొస జాజు కింద కనబడడం లేదు.

కడగమన్నాను. జాజు కడిగితే సర్పి పాకి, పాము తలా తోకా కలిసి ప్రాణం తీస్తుందని ఆమె ఒప్పుకోలేదు. ముందురోజు వేరే డాక్టరు రాసిచ్చిన ఎసైక్లోవిర్ మాత్రలు కొంగుముడిలో అలాగే ఉన్నాయి. పొక్కులు లేచాక వాటిని మొదలుపెట్టాల్సిన మూడు రోజుల్లో రెండు గడిచిపోయాయి. మాత్ర పురుగును చంపుతుంది, మింగించమని గట్టిగా కసిరాను. ఆమె బెదరలేదు.

"గోలీ పురుగును సంపుతదంటున్నవ్ డాక్టర్ సాబ్. పురుగేమో నా కొడుకు ఒంట్లనే ఉన్నది. మరి వీణ్ణి సంపదా?"

ముప్పై ఏళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న. కోపం ఎటు పోయిందో, కుర్చీ ముందుకు లాక్కున్నాను. ఈ మాత్ర లోపలికి వెళ్లినప్పుడు మందే కాదని చెప్పాను. వైరస్ తన పని కోసం సొంతంగా ఒక ఎంజైమ్ తయారుచేసుకుంటుంది. పేరు థైమిడిన్ కైనేజ్. అదే ఈ మాత్రను పట్టుకుని విషంగా మారుస్తుంది. మన కణాల్లోనూ అలాంటి ఎంజైమ్ ఉంది గానీ, అది దీన్ని దాదాపు ముట్టుకోదు. వైరస్ తన నకళ్లు తీసుకునేటప్పుడు ఆ విషాన్నే తన డీఎన్‌ఏ గొలుసులో కలుపుకుంటుంది. గొలుసు అక్కడే తెగుతుంది.

ఎడమ కన్ను వాచి మూసుకుపోయిన యాదగిరి రెండో కంటితో నన్నే చూస్తూ విన్నాడు.

"అంటే అమ్మా, గోలీ ఉత్త పాలే. తోడు గా దొంగోడే ఏసుకుంటుండు. ఏసుకున్నోని కుండలనే పెరుగైతది. మన కుండల పాలు పాలే."

అంత బాగా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"గిది ముందుగాల చెప్పరాదు సాబ్? ఊకే కసురుతవ్ గని," అంది మల్లమ్మ. మొదటి మాత్ర తానే మింగించింది. కొంగు తడిపి ముక్కు కొస తుడిచింది. మూడు పొక్కులు.

వెంటనే ఆటో ఎక్కించి మలక్‌పేటలో కంటి డాక్టరు దగ్గరికి పంపాను. కంటిపొర మీద మచ్చ అప్పుడే మొదలవుతోందట. రోజుకు ఐదుసార్లు మాత్రలు, కంట్లో మందు. నెల తర్వాత యాదగిరి ఆ ఎడమ కంటితోనే చార్టులో చివరి వరుస చదివాడు.

భయపడ్డ మనిషికి హుకుం కాదు, జవాబు కావాలని అప్పుడు నేర్చుకున్నాను. ఆ ఆటో మలక్‌పేట చేరిందని కబురొచ్చే దాకా నాకు స్థిమితం లేదు. అందుకే ఇకపై ఇక్కడే పరీక్షించేందుకు, కంటిపొరను పెద్దగా చూపే స్లిట్ ల్యాంప్ కొని, వాడడం నేర్చుకున్నాను. దానికోసం ముత్తాత తల్వార్‌కున్న వెండి ఒరను చార్‌కమాన్ వెండి అంగట్లో అమ్మాను.